చిన్న పెట్‌ని ఎంచుకోవాలంటే ధర కాదు, మే నెలనూ ఇంటి వేళలనూ చూడాలి

ఏప్రిల్ ఆఖరు వారంలో స్కూళ్ళకు ఎండాకాలం సెలవులిస్తారు. పిల్లలు పొద్దస్తమానం ఫోన్ పట్టుకునే కూర్చుంటున్నారని పెద్దవాళ్ళకు బెంగ మొదలవుతుంది. ‘ఏదైనా చిన్న పెట్ తెచ్చుకుందాం’ అన్న మాట చాలా ఇళ్ళలో అప్పుడే పుడుతుంది. కుక్క అంటే అద్దె ఇంటి ఓనర్ ఒప్పుకోడు, పైగా రోజూ బయట తిప్పాలి. పిల్లి అంటే అమ్మమ్మకు పడదు. ఇక మిగిలినవి కుందేలు, ఎలుకలాంటి హామ్‌స్టర్, లవ్ బర్డ్స్ జత, గాజు గిన్నెలో ఒక చేప. ధర వందల్లోనే కదా అని ఆ సాయంత్రమే కొనేసి తెచ్చేస్తారు.

హైదరాబాద్‌లో ఒక చిన్న జీవిని కొత్త ఇంటికి తేవడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే చెడ్డ సమయం లేదు. బయట 40 డిగ్రీలు దాటే రోజులవి. పై అంతస్తు ఫ్లాట్‌లో రాత్రి పదయినా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిని ఎలాగో దాటి బతికితే జూన్ 12న స్కూళ్ళు తెరుస్తారు. యాభై రోజులు చుట్టూ తిరిగిన పిల్లలు ఒక్కసారిగా కనిపించకుండా పోతారు. పొద్దున బస్సు, సాయంత్రం ట్యూషన్, రాత్రి హోమ్‌వర్క్. పంజరం మెల్లగా హాల్లోంచి బాల్కనీ మూలకు జరుగుతుంది.

ఇందులో ఎవరిదీ చెడ్డ మనసు కాదు. ‘చిన్నది కదా’ అన్న మాటే అసలు చిక్కు. ఫ్రిజ్ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరిగేవాళ్ళు, కుందేలుపిల్లను కొనేటప్పుడు అది ఎన్నేళ్ళు బతుకుతుందో కూడా అడగరు. బాగా చూసుకుంటే కుందేలు 8 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది. ఇవాళ రెండో తరగతి చదివే పిల్ల ఇంటర్ దాటేదాకా అన్నమాట. జీవి ఎంత చిన్నదైతే దాని గురించి అంత తక్కువ లెక్క వేస్తున్నాం. వేయాల్సిన లెక్క మాత్రం పెద్ద జంతువుకైనా చిన్నదానికైనా ఒకటే: ఏ నెల దానికి కష్టం, మీరు ఏ వేళల్లో ఇంట్లో ఉంటారు, జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు.

మూడొందల ప్రాణం, ఐదొందల ఫీజు

డబ్బు సంగతి ముందు చూద్దాం. చిన్న పెట్స్ విషయంలో కొన్న ధర ఖర్చులో అతి చిన్న భాగం. బడ్జీల (మన దగ్గర లవ్ బర్డ్స్ అని పిలిచే పిట్టల) జత ఎంతకు వచ్చినా, వాటికి తగిన పంజరం అంతకంటే ఎక్కువే అవుతుంది. ఫైటర్ చేప కంటే దాని తొట్టి, ఫిల్టర్ ఖరీదెక్కువ. ఇది ఒకసారి పెట్టే ఖర్చు కాబట్టి ఎలాగో సర్దుకుంటారు. తిండి ఖర్చు కూడా భయపెట్టేది కాదు. బడ్జీల జత నెలకు తినే కొర్రలు, ఇతర గింజలు అరకిలో లోపే. అసలు పరీక్ష డాక్టరు దగ్గర.

ఒక హామ్‌స్టర్‌ను మూడొందలకు కొన్నారనుకుందాం. ఏడో నెలలో దాని చెంప వాచింది. డాక్టరు ఫీజు ఐదొందలు, మందులు వేరే, ఆటో ఖర్చు వేరే. ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: ‘ఆ డబ్బుతో ఇంకో రెండు వస్తాయి కదా.’ చిన్న జీవుల బతుకు చాలాసార్లు ఈ ఒక్క మాట దగ్గరే తేలిపోతుంది. ఆ మాట వచ్చినప్పుడు కాదు, కొనకముందే ఇంట్లో తేల్చుకోవాలి. నెలకు రెండొందలు పక్కన పెడితే ఏడాదికి 2,400 అవుతుంది. ఒకటి రెండు సార్లు డాక్టరుకు చూపించడానికి, మామూలు మందులకు అది ఆసరా. ఆ రెండొందలు కష్టమనిపిస్తే గప్పీ చేపలు తప్ప ఇంకేదీ తేకపోవడమే మంచిది.

ఇంకో సంగతి. నగరంలో కుక్కలకు, పిల్లులకు క్లినిక్‌లు గల్లీకొకటి కనిపిస్తాయి. కుందేలుకో పక్షికో వైద్యం చేయడం వేరే విద్య. వాటికి మత్తు ఇవ్వడం దగ్గర్నుంచి మందు మోతాదు దాకా అన్నీ వేరు. కుక్కలకు, పిల్లులకు ఒంటి మీది పురుగులకు మామూలుగా వాడే కొన్ని ఫ్లీ మందులు కుందేలు ప్రాణమే తీయగలవు. అందుకే కొనకముందే దగ్గర్లోని రెండు మూడు క్లినిక్‌లకు ఫోన్ చేసి ‘కుందేళ్ళను చూస్తారా, పక్షులను చూస్తారా’ అని నేరుగా అడగాలి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. మియాపూర్‌లోనో ఈసీఐఎల్‌లోనో ఉండేవాళ్ళు అక్కడికి ట్రాఫిక్‌లో చేరడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఆలోచించుకోవాలి. ఊపిరాడని పక్షికి గంటన్నర చాలా ఎక్కువ.

ఎంత టైమ్ అని కాదు, ఏ టైమ్ అని

‘మాకు రోజూ అరగంట టైమ్ ఉంటుంది’ అంటారు. ఆ అరగంట ఎప్పుడన్నది చాలామంది చెప్పరు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే జంటకు ఉన్న అరగంట పదింటికి ఉంటుంది. అప్పటికి బడ్జీలు నిద్రకు సిద్ధమై ఉంటాయి. పక్షికి రోజుకు పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. ఆ వేళ లైటు వేసి పలకరించడం దానికి ప్రేమగా అందదు, నిద్ర పాడవుతుంది. అదే జంటకు హామ్‌స్టర్ సరిగ్గా సరిపోతుంది. అది రాత్రి జీవి. పగలంతా ముడుచుకుని పడుకుని, మీరు అన్నం తిని కూర్చునే వేళకే లేచి మీసాలు ఆడిస్తూ బయటికి వస్తుంది.

మరి చిన్నపిల్లలున్న ఇంట్లో అదే హామ్‌స్టర్ అయితే? పిల్లలకు ఆడుకోవాలనిపించేది సాయంత్రం నాలుగింటికి. నిద్రలో ఉన్న హామ్‌స్టర్‌ను లేపి చేతిలోకి తీసుకుంటే కరుస్తుంది. నాలుగు రోజుల్లో ‘ఇది మంచిది కాదు’ అని పేరు పడుతుంది. దాని తప్పు ఏమీ లేదు. పైగా అది ఒంటరిగా బతికే జాతి. పాపం తోడుంటే బాగుంటుందని రెండు సిరియన్ హామ్‌స్టర్లను ఒకే పెట్టెలో పెడితే పెద్దయ్యాక రక్తాలు వచ్చేలా కొట్టుకుంటాయి.

గినీ పిగ్ అనే చిన్న బొచ్చు జంతువు దీనికి పూర్తిగా వ్యతిరేకం. దక్షిణ అమెరికా కొండల్లో గుంపులుగా బతికిన జాతి కాబట్టి ఒక్కటే ఉంటే దిగులు పడుతుంది. కాబట్టి గినీ పిగ్ అంటే కనీసం రెండు అని లెక్కేసుకోవాలి. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ బతుకు. ఎత్తుకుంటే హామ్‌స్టర్ అంత చురుగ్గా జారిపోదు, మామూలుగా కరవదు, ఫ్రిజ్ తలుపు చప్పుడు వినగానే కీచుమని కూరగాయలు అడుగుతుంది. స్కూల్ నుంచి వచ్చే పిల్లలకూ, పగలు ఇంట్లో ఉండే పెద్దలకూ కుదిరే జంతువు ఇదే. దీనికి ఒక్క విషయంలో మాత్రం మరుపు పనికిరాదు: మనిషిలాగే దీని ఒంట్లో విటమిన్ సి తయారు కాదు. రోజూ ఒక క్యాప్సికమ్ ముక్క పెడితే సరిపోయే సంగతి. కొన్ని వారాలు ఉత్త గింజల మీద ఉంచినా కీళ్ళు వాచి, చిగుళ్ళు పాడై కుంటడం మొదలుపెడుతుంది.

నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్ళు పక్షుల జోలికి వెళ్ళకపోవడం ఇద్దరికీ మంచిది. తెల్లవారుతూనే బడ్జీలు మొదలుపెట్టే గోల మూసిన తలుపులోంచి కూడా వినిపిస్తుంది. వాళ్ళకు ఒక చేపల తొట్టి హాయిగా ఉంటుంది.

పగలంతా ఇల్లు ఖాళీగా ఉండి, రాత్రి మాత్రమే మనుషులుండే ఇంట్లో పిల్లి గురించి ఆలోచించమనే చెప్పాలి. వీధి పిల్లిపిల్లను తెచ్చుకుంటే కొనే ఖర్చు లేదు, మన ఎండకు పుట్టిన ప్రాణం, రోజులో సగానికి పైగా నిద్రే. కానీ టీకాలు, సంతానం కలగకుండా ఆపరేషన్, బాల్కనీకి వల, ఇసుక తొట్టి రోజూ శుభ్రం చేయడం, ఇవన్నీ 12 నుంచి 15 ఏళ్ళు. చిన్న పెట్ అనే లెక్కలోంచి అది బయటికి పోతుంది.

మే నెల

చిన్న బొచ్చు జంతువులన్నిటికీ మన ఎండాకాలం ప్రాణగండం. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి ప్రధానంగా దాని చెవులే. 30 డిగ్రీలు దాటితే కుందేలు, గినీ పిగ్, హామ్‌స్టర్ మూడూ ఇబ్బంది పడతాయి. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా పగటి వేళ 30 లోపు ఉండే గది అంటే కింది అంతస్తులో చెట్టు నీడ పడే గదో, కూలర్ ఉన్న గదో, ఏసీ గదో కావాలి.

ఇదీ బడ్జెట్‌లో కలిపి చూడాలి. 150 నుంచి 200 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 45 నుంచి 60 యూనిట్లు. కరెంటు బిల్లులో స్లాబ్ మారితే యూనిట్ ధర కూడా పెరుగుతుంది. మీరు ఆఫీసుకు వెళ్తూ కూలర్ ఆపేసి వెళ్ళే ఇల్లయితే, ఆ పది గంటలూ మూసిన గదిలో కుందేలు ఒక్కటే ఉంటుంది. ఎండాకాలంలో పగలు ఇంట్లో మనిషి, చల్లగాలి రెండూ లేని ఇంటికి కుందేలు వద్దు.

మధ్యాహ్నం మూడింటికి వడదెబ్బ తగిలిన కుందేలు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు మరిచిపోలేరు. కాళ్ళు చాపి పక్కకు పడి ఉంటుంది. చెవుల లోపల నరాలు ఎర్రగా ఉబ్బి కనిపిస్తాయి. నోరు తెరిచి రొప్పుతుంది, గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి ఉంటుంది. అప్పుడు ఐస్ నీళ్ళలో ముంచకూడదు, ఆ తేడాకే ప్రాణం పోవచ్చు. మామూలు చల్లటి నీళ్ళతో చెవులు తడుపుతూ, ఫ్యాన్ కింద ఉంచి, వెంటనే డాక్టరు దగ్గరికి బయల్దేరాలి.

ముందుగానే చేయగలిగేవి ఖరీదైనవి కావు. లీటరు బాటిల్‌లో నీళ్ళు గడ్డకట్టించి, బట్ట చుట్టి పంజరంలో పెడితే అదే వచ్చి ఆనుకుని పడుకుంటుంది. పాత రంజన్‌ను అడ్డంగా పడుకోబెట్టి పైన తడి గోనె కప్పితే గినీ పిగ్ పగలంతా అందులోనే ఉంటుంది. మట్టి చల్లదనానికి మించింది లేదు.

గడ్డి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కుందేలుకు, గినీ పిగ్‌కు తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. వాటి పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. క్యారెట్ తీపి పదార్థం లెక్క, వారానికి రెండు ముక్కలు చాలు. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్మే గరిక వీటికి మంచి తిండి. రోజూ దొరికే చోటు కాలనీలో ఉందా, అది మందు కొట్టని, కుక్కలు తిరగని చోటేనా అన్నది చూసుకోవాలి. గుళ్ళ దగ్గర ఆవుల కోసం అమ్మే లూసర్న్ గడ్డి కుందేలు పిల్లలకు ఫరవాలేదు. అందులో కాల్షియం ఎక్కువ కాబట్టి పెద్ద కుందేళ్ళకు రోజూ పెట్టకూడదు. ఆన్‌లైన్‌లో వచ్చే ఎండుగడ్డి ప్యాకెట్ల మీదే ఆధారపడితే నెల ఖర్చులో అదే పెద్ద పద్దు అవుతుంది.

చేపలు: గిన్నె, తొట్టి, మన నీళ్ళు

టైమూ డబ్బూ రెండూ తక్కువ ఉన్న ఇంటికి చేపలే సరైనవి. కానీ చాలా ఇళ్ళలో చేపల అనుభవం ఒక వారంలో ముగిసిపోతుంది. టీవీ యూనిట్ మీద మూడు లీటర్ల గుండ్రటి గాజు గిన్నె. అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు. మొదటి రోజు అందరూ చిటికెడు చిటికెడు తిండి వేస్తారు. మూడో రోజుకు నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడతాయి. చేపలు పైకి తేలి నోరు తెరిచి మూస్తుంటాయి. ఆకలేస్తోందనుకుని ఇంకొంచెం తిండి వేస్తారు. నాలుగో రోజు నీళ్ళన్నీ పారబోసి నల్లా నీళ్ళు నింపుతారు. ఐదో రోజు పొద్దున రెండూ తేలిపోయి ఉంటాయి. ఇంట్లో పిల్లవాడికి తాను చేసిన తప్పేమిటో ఎప్పటికీ తెలియదు.

జరిగింది ఇది. చేప విసర్జించేదీ, తినకుండా మిగిలిన తిండీ నీళ్ళలో అమ్మోనియాగా మారతాయి. అది విషం. పాతబడిన తొట్టిలో ఫిల్టర్ స్పాంజిని, రాళ్ళను పట్టుకుని ఒక రకం బ్యాక్టీరియా ఉంటుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, దాన్ని చేపలు కొంతవరకు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త గిన్నెలో అది ఉండదు, మూడు లీటర్ల నీళ్ళలో విషం పలచబడే చోటూ ఉండదు. పైగా గోల్డ్ ఫిష్ గిన్నెలో పెంచాల్సిన చేపే కాదు. అది పదేళ్ళకు పైగా బతికి జానెడు పెరగగలదు. నీళ్ళు ఒక్కసారిగా మార్చినప్పుడు నల్లా నీళ్ళలోని క్లోరిన్ మిగిలిన పని పూర్తి చేసింది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 55 లీటర్లు పడతాయి. చిన్న ఫిల్టర్ ఐదు వాట్లదయితే రోజంతా తిరిగినా నెలకు నాలుగు యూనిట్లు కూడా కాలదు. వారానికి ఒక బకెట్ నీళ్ళు తీసి ఒక బకెట్ పోయాలి. ఆ బకెట్‌ను ముందు రోజే పట్టి మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరైతే షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. కడిగేస్తే ఆరు వారాలు కష్టపడి చేరిన బ్యాక్టీరియా పోతుంది. తిండి రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. మొత్తం రోజుకు ఐదు నిమిషాలు, ఆదివారం అరగంట.

ఏ చేపలన్నది మీ ఇంటి నీళ్ళు చెబుతాయి. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళలో బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి. గీజర్ రాడ్ మీద, నల్లా మూతి మీద తెల్లటి పొర కట్టడం చూస్తూనే ఉంటాం. అలాంటి నీళ్ళలో నియాన్ టెట్రా వంటి చేపలు నిలవవు, వాటికి మెత్తటి నీళ్ళు కావాలి. గప్పీ, మోలీ, ప్లాటీ మాత్రం ఆ కఠినమైన నీళ్ళలోనే హుషారుగా ఉంటాయి. షాపువాడు రంగులు చూపిస్తాడు, మీరు మాత్రం మీ నల్లా మూతిని గుర్తు చేసుకోండి. గప్పీలు నెలకోసారి పిల్లల్ని పెడతాయి, అందుకని మగవాటినే తెచ్చుకుంటే తొట్టి నిండిపోదు. మంజీరా నీళ్ళు వచ్చే ఇళ్ళలో ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది. వేసవిలో ట్యాంకర్ నీళ్ళు మొదలైతే జాగ్రత్త, ఒక్కో లోడు ఒక్కో బోరుది. ఒకేసారి ఎక్కువ మార్చకుండా కొంచెం కొంచెంగా పోయాలి.

ఒక్కటే చేప చాలనుకుంటే ఫైటర్. థాయ్‌లాండ్ వైపు చేప. పైకి వచ్చి గాలి పీల్చుకోగల అవయవం దానికి ఉంది, అందుకే అరలీటరు డబ్బాలో కూడా చావకుండా ఉంటుంది. చావకపోవడం వేరు, బతకడం వేరు. పది పదిహేను లీటర్లు, మూత, కాస్త ఆకు నీడ ఇస్తే రెండు మూడేళ్ళు మీ చెయ్యి కనిపించగానే ఎదురొస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం చిన్న హీటర్ కావాలి, దానికి సుమారు 24 నుంచి 28 డిగ్రీల నీళ్ళు ఇష్టం. ‘వాస్తు చేప’ అని పేరుపెట్టి అమ్మే అరోవానా రెండడుగులు దాటి పెరుగుతుంది. ఫ్లాట్‌లో దానికి న్యాయం చేయడం కుదరదు.

పక్షులు

మన దగ్గర లవ్ బర్డ్స్ అని పిలిచేవి నిజానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, ఇంకాస్త బొద్దుగా, గొంతు ఘాటుగా, ముక్కు బలంగా ఉంటాయి. బడ్జీ ఎండిన దేశపు పక్షి కాబట్టి మన వాతావరణానికి కుందేలు కంటే బాగా సర్దుకుంటుంది. నేరుగా ఎండ పడకుండా, గాలి ఆడేలా ఉంచితే చాలు. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి ఉంటే వేడి ఎక్కువైందని గుర్తు. ఐదు నుంచి పదేళ్ళ బతుకు. జతగా ఉంటే ఒకదానికొకటి తోడు, మీరు పగలంతా లేకపోయినా ఫరవాలేదు. ఒక్కదాన్నే తెస్తే ఆ తోడు మీరే కావాలి.

పంజరం పొడవు ముఖ్యం, ఎత్తు కాదు. పక్షి ఎగిరేది అడ్డంగా. రెండున్నర అడుగుల పొడవుంటే జత అటూ ఇటూ ఎగరగలుగుతుంది. ఉత్త గింజలే పెడితే లివర్‌కు కొవ్వు పడుతుంది. పొద్దున వంటకు తెచ్చిన కొత్తిమీర, మెంతికూర నాలుగు రెమ్మలు కడిగి వేలాడదీస్తే పని అయిపోతుంది.

కాకటీల్ అనే చిలుక జాతి పక్షిది వేరే కథ. మనిషికి దగ్గరవుతుంది, ఈల వేస్తుంది, భుజం మీద కూర్చుంటుంది. దానికి రోజుకు గంట మీ సమయం కావాలి, అదీ 15 ఏళ్ళు. మొత్తం కలిపితే ఐదు వేల గంటలు దాటుతుంది. రిటైరై ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకు దీనికంటే మంచి తోడు చెప్పలేం. తమ తర్వాత అది ఎవరి దగ్గర ఉంటుందో పిల్లలతో ముందే మాట్లాడుకోవాలి.

పక్షి ఉన్న ఇంట్లో వంటగది సంగతి తప్పక తెలియాలి. నాన్‌స్టిక్ పెనం స్టవ్ మీద ఖాళీగా మర్చిపోయి బాగా కాలితే వచ్చే పొగ మనకు కాస్త తలనొప్పి తెప్పించవచ్చు. పక్షిని నిమిషాల్లో చంపేస్తుంది. హాలూ వంటిల్లూ కలిసి ఉన్న ఫ్లాట్లలో దోశ పెనాన్ని ఇనుముదిగా మార్చుకోవడం అన్నిటికంటే చవకైన జాగ్రత్త. దోమల బత్తి, సాంబ్రాణి కూడా పంజరానికి దూరంగా ఉండాలి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే పక్షుల ఈకల దుమ్ము పడదు, అప్పుడు పక్షి ఆలోచనే మానుకోవాలి.

కొనకూడనివి

రామచిలుక మన కథల్లో, పాటల్లో ఎంత దగ్గరిదైనా ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు చిలుకలు, మునియా పిట్టలు, నక్షత్ర తాబేలు, పల్లెల్లో చెవులపిల్లి అనే అడవి కుందేలు, ఏవీ పంజరంలో ఉండటానికి వీల్లేదు. విదేశీ జాతుల్లో, వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) కిందికి వచ్చేవాటిని పెంచేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని కేంద్రం 2024లో నిబంధనలు తెచ్చింది. కన్యూర్, ఆఫ్రికన్ గ్రే చిలుకలు, ఇగ్వానా అనే పెద్ద బల్లి అందులోకి వస్తాయి. బడ్జీ, కాకటీల్ రావు.

రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా, చెవి దగ్గర ఎర్ర గీతతో అమ్మే తాబేలుపిల్ల అమెరికా జాతి. పళ్ళెం అంత పెరుగుతుంది, ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతుంది. పెంచలేక చెరువులో వదిలేస్తే మన తాబేళ్ళ తిండి, చోటు లాక్కుంటుంది. దాని నుంచి పిల్లలకు సాల్మొనెల్లా అంటుతుందనే అమెరికాలోనే 4 అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో ఆపేశారు.

రోడ్డు పక్కన గులాబీ, ఆకుపచ్చ రంగులద్దిన కోడిపిల్లల గంప చూసి పిల్లలు ఆగిపోతారు. గుడ్లు పెట్టే జాతి హేచరీల్లో పనికిరావని తీసేసే మగపిల్లలే సాధారణంగా ఇలా వస్తాయి. మొదటి వారం వాటికి దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. అట్టపెట్టెలో రాత్రి గడిచేసరికే సగం పోతాయి. ఇక్కడ పిల్లవాడిని నొప్పించైనా చెయ్యి పట్టుకుని ముందుకు నడవాల్సిందే.

సంక్రాంతికి ఊరెళ్తే

జనవరిలో నాలుగైదు రోజులు నగరం సగం ఖాళీ అవుతుంది. కొనబోయే జంతువుకు ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయో ఇప్పుడే ఊహించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గప్పీలు తిండి లేకుండా మూడు నాలుగు రోజులు నిశ్చింతగా ఉంటాయి. పక్కింటివాళ్ళకు తిండి డబ్బా ఇచ్చి వెళ్తేనే ప్రమాదం, జాలితో గుప్పెడు వేస్తారు. హామ్‌స్టర్‌ను ఒక రోజుకు మించి వదలలేం. బడ్జీలకు రోజూ గింజలు, నీళ్ళు మార్చాలి, పొట్టు ఊది తీసేయాలి. గింజల పొట్టు పైన పేరుకుంటే గిన్నె నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది, పక్షి మాత్రం పస్తుంటుంది. పక్కింటి వాళ్ళకు ఈ ఒక్క సంగతి చేసి చూపించి వెళ్ళాలి. కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతేనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన పరిస్థితి, దాని పేగులు ఆగిపోతాయి. దాన్ని వాచ్‌మన్‌కు అప్పజెప్పి వెళ్ళడం కుదరదు. దీపావళి మూడు రాత్రులూ అంతే, టపాసుల మోతకు కుందేలూ పక్షీ బెదిరి పంజరానికి కొట్టుకుంటాయి. లోపలి గదిలో, మందపాటి దుప్పటి కప్పి, ఎవరో ఒకరు దగ్గర ఉండాలి.

తేవడానికి మంచి కాలం వానలు తగ్గిన అక్టోబరు నుంచి. దీపావళి దాటాక తెస్తే ఆ మోత కూడా తప్పుతుంది, మే వచ్చేలోపు ఐదారు నెలలు ఇంటికి అలవాటు పడుతుంది. చేపలైతే తొట్టిని నెల ముందే నింపి ఫిల్టర్ తిప్పడం మొదలుపెట్టాలి. రోజూ చిటికెడు చేపల తిండి వేస్తుంటే అది కుళ్ళి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. షాపుకు పొద్దున్నే వెళ్ళండి, జంతువులు అసలు ఎలా ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. పెట్ షాపులకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి నమోదు ఉండాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి, ఆ పత్రం అడిగి చూడొచ్చు. పక్షి ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని ఉందా, తోక కింద ఈకలు తడిగా అంటుకుని ఉన్నాయా చూడాలి. కుందేలును తిప్పి ముందు పళ్ళు ఒకదానిపై ఒకటి సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడాలి. చేపల తొట్టిలో ఒక్కటి చచ్చి తేలినా ఆ తొట్టిలోంచి ఇంకేదీ తీసుకోవద్దు.

ఇంటికి తెచ్చేది సాయంత్రం చల్లబడ్డాకే. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, అడుగున పాత టవల్ వేసి, ఆటోలో ఒడిలో పెట్టుకుని రావాలి. అది అక్కడ తింటున్న తిండే వారానికి సరిపడా అడిగి తెచ్చుకోవాలి, తిండి ఒక్కసారిగా మారితే కడుపు పాడవుతుంది. ఆ రాత్రి నీళ్ళు, తిండి పెట్టి, పంజరానికి ఒక వైపు బట్ట కప్పి, హాల్లో లైటు ఆపేయాలి. పిల్లలకు కష్టమే అయినా రెండు మూడు రోజులు చేతిలోకి తీసుకోకుండా పక్కన కూర్చుని చూడనివ్వాలి. నాలుగో రోజు అదే దగ్గరికి వచ్చి వేలు వాసన చూస్తుంది.